జపాన్ ఊళ్లో పారాణి కాళ్లు

మరిడమ్మ కాలు ఇంట్లో నిలవదని మలాయ్ దేశంలోని ఇపో ఊళ్లో ఉన్న తెలుగువాళ్లందరికీ తెలుసు. ఆవిడ కోసం వచ్చినవాళ్లు తలుపు కొట్టే ముందు, గేటు పక్కన తెల్ల కాన్వాసు బూట్లు ఉన్నాయా లేవా అని చూస్తారు. లేవంటే ఆవిడ ఏ గుహలోనో, ఏ జలపాతం కిందో, ఏ స్ట్రాబెర్రీ తోటలోనో ఉందని అర్థం. అరవై దాటితే మోకాళ్లు పట్టేస్తాయంటారు. ఈవిడకి ఇంట్లో కూర్చుంటేనే పట్టేస్తాయి.

పుట్టింది బాగన్ దాతుక్ దగ్గర కొబ్బరి తోటలో. శ్రీకాకుళం వైపు నుంచి తాత ఓడెక్కి వచ్చి ఆ తోటలో దిగాడు. దిగినవాడు మళ్లీ కదల్లేదు. ఆయన కొడుకూ కదల్లేదు. "మన వంశం తిరగాల్సిందంతా ఆ ఓడ మీదే తిరిగేసినాది" అనేవాడు మరిడమ్మ తండ్రి, అదేదో ఘనకార్యమైనట్టు. పిల్ల మాత్రం తోట గేటు దగ్గర నిలబడి పోయే బస్సుకల్లా చెయ్యి ఊపేది. బస్సులో వాళ్లు తిరిగి చెయ్యి ఊపారంటే ఆ పూట అన్నం కూడా సయించేది కాదు, అంత సంబరం. అలాంటి పిల్లకి లారీ డ్రైవరు సంబంధం వస్తే ఊరుకుంటుందా? ఎగిరి గంతేసింది. పెళ్లికొడుకు పొడుగా పొట్టా అని కూడా చూడలేదు. ఇంక ఈ లారీ ఎక్కి దేశమంతా చూసేయొచ్చు అనుకుంది పిచ్చి మొహం.

లారీలో బయటివాళ్లని ఎక్కించుకోకూడదని కంపెనీ రూలు. పెళ్లాం బయటిది కాదు గదా అని మీరూ నేనూ అనుకుంటాం. ఆవిడ మొగుడు గోపాలకృష్ణ అలా అనుకునే మనిషి కాదు. రూలంటే రూలే. ఉత్తరాన సరిహద్దు నుంచి దక్షిణాన జొహోర్ దాకా అతను తిరగని రోడ్డు లేదు, మరిడమ్మ ఆ లారీ మెట్టు ఎక్కిందీ లేదు. పిల్లలు పుట్టారు, పెరిగారు, ఎవరి దారిన వాళ్లు స్థిరపడ్డారు. మరిడమ్మ బడి కేంటీనులో అన్నాలు వండి వండి రిటైరైంది. రిటైరైన మర్నాడే పక్కింటి ఉమాదేవిని వెంటబెట్టుకుని, రూబన్ అనే తమిళ కుర్రాడి వ్యాను మాట్లాడుకుని గుడికి బయల్దేరింది. గుడి పక్కన గుహ ఉంది, గుహ పక్కన చేపల చెరువుంది, చెరువు పక్కన ఐస్ క్రీముంది. అంతే, ఆవిడకి ఆ పిచ్చి పట్టుకుంది.

ఆ వ్యానుకి రూబన్ పెట్టుకున్న పేరు "మంజళ్ వండి", అంటే పసుపు బండి. వ్యాను రంగు తెలుపే. అందులో ఎక్కే ఆడవాళ్ల కాళ్లు మాత్రం పచ్చగా ఉంటాయి. ఊరు దాటే ఆడదాని కాళ్లకి పసుపు పడాలన్నది మరిడమ్మ అమ్మ పెట్టిన ఆచారం. తోటలో ఎవరైనా పురిటికో పుణ్యానికో బయల్దేరితే ఆవిడ కొబ్బరినూనెలో పసుపు కలిపి చీలమండల దాకా దట్టంగా పట్టించేది. మరిడమ్మ దాన్ని అలాగే నిలబెట్టింది. మొగుడున్నవాళ్లకీ, లేనివాళ్లకీ, అసలు పెళ్లే వద్దన్నవాళ్లకీ అందరికీ రాస్తుంది. "అమ్మోరి పసుపుకి వరసలేటి?" అంటుంది. ఇంకో షరతు కూడా ఉంది. తిరిగి ఇంటికొచ్చేదాకా ఆ పసుపు కడుక్కోకూడదు. కడిగితే దారి చెడుతుందట. ఈ షరతే కొంప ముంచింది, వస్తున్నాను ఆ సంగతికి.

గోపాలకృష్ణ మాత్రం ఎన్నిసార్లు పిలిచినా రాడు. లారీ దిగాక అతనికి మూడే పనులు: టీవీ, మిరప మొక్కలు, పెళ్లాం మీద సణుగుడు. "ఏటుంటాది అక్కడ? కొండ. నీల్లు. టికెట్టు. నాను సూడని రోడ్డుందా ఈ దేశంలో?" అంటాడు. అతని ముఖం పెళ్లి ఫోటోలో ఎలా ఉందో ఇప్పటికీ అలాగే ఉంది. ముడతలు వచ్చాయి గానీ నవ్వు రాలేదు.

పందెం ఎలా వచ్చిందంటే, ఆ రోజు మరిడమ్మ సీతాకోకచిలకల తోట చూడ్డానికి పోయింది. ఇంట్లో గోపాలకృష్ణ పొయ్యి మీద పప్పు పడేసి మిరప మొక్కలకి పురుగులు ఏరుతూ కూర్చున్నాడు. గిన్నె మాడి, కిటికీలోంచి పొగ లేచి, వీధి వీధంతా బకెట్లతో పరిగెత్తుకొచ్చింది. సాయంత్రం భుజం మీద బ్యాగుతో, నెత్తిన సీతాకోకచిలక బొమ్మ క్లిప్పుతో గుమ్మంలోకి అడుగుపెట్టిన మరిడమ్మకి నల్లటి గోడ ఎదురైంది.

"ఇంక సాలు" అన్నాడు గోపాలకృష్ణ. "ఈ తిరుగుడు మానెయ్యి. ఇల్లు తగలడిపోతన్నాది."

"పప్పు మాడబెట్టింది నువ్వు, తిరుగుడు మానాల్సింది నానా?"

"కొండా నీల్లూ సూడ్డానికి ఇల్లు ఒగ్గేసి ఎల్తావేటి?"

"ఒక్కసారైనా వచ్చి సూసినావా, మాట్లాడ్డానికి? వచ్చి సూడు. సూసినాక అను!"

గోపాలకృష్ణ గోడ మీది మసి వేలితో తుడిచి చూశాడు. "వస్తాను. ఒక్కపాలి. నాకు నచ్చలేదనుకో, నువ్వు ఈ తిరుగుళ్లు కట్టిపెట్టాల. మల్లీ ఆ వ్యానెక్కకూడదు."

"నచ్చితే?"

"నచ్చితే నీ ఇష్టం. నాను నోరెత్తను."

బకెట్ పట్టుకుని ఇంకా అక్కడే నిలబడి ఉంది ఉమాదేవి. ఈ ఉమాదేవి మనిషి భారీ, గొంతు ఇంకా భారీ. మరిడమ్మని "అప్పా" అని అక్క వరసతో పిలుస్తుంది, ఆ లెక్కన గోపాలకృష్ణ ఆమెకి బావ. "బావా, నచ్చినా నచ్చలేదని అబద్ధమాడితే?" అంది.

"అమ్మోరి తోడు. నిజమే సెప్తాను" అన్నాడు. ఇలవేల్పు మీద ఒట్టేసి మాట తప్పే మనిషి కాదతను. అది మంచిదో చెడ్డదో మరిడమ్మకి ఆ క్షణాన తెలియలేదు. కోపంలో సరేనంది. రాత్రి మంచమెక్కాక తల బాదుకుంది. ఓలమ్మో, ఏం పని చేశాను! నవ్వడమే ఎరగని మనిషి చేతిలో నా కాళ్లు పెట్టేశానే!

ఇంక ఎక్కడికి తీసుకెళ్లాలా అని ఆవిడ పడ్డ మథనం ఇంతా అంతా కాదు. గుహలంటే రాళ్లంటాడు. సముద్రమంటే ఉప్పునీళ్లంటాడు. ఆలోచించగా ఆలోచించగా ఒకటి తట్టింది. గోపాలకృష్ణ జన్మలో మెచ్చుకున్నది ఒక్కదాన్నే, తను తోలిన లారీని. అది జపాన్ లారీ. "జపానోడు ఏది సేసినా గట్టిగా సేస్తాడు" అని ఎన్నిసార్లు అన్నాడో! సరిగ్గా అప్పుడే కొండల మీద బుకిట్ హనా అనే చోట కొత్తగా జపాన్ ఊరొకటి కట్టి తెరిచారు. జపాన్‌లో ఏదో కొండ కింద చిన్న పట్నం ఉంటే, దాని నడివీధిని ఉన్నదున్నట్టు ఇక్కడ దింపేశారట. చెక్క ఇళ్లు, ఎర్ర వంతెన, టీ కొట్టు, రంగు చేపలు, కాళ్లు పెట్టుకునే వేడినీళ్ల తొట్టి. ఫోనులో ఆ బొమ్మలు చూసి మరిడమ్మ ఉమాదేవిని పట్టుకుని ఊపేసింది.

"ఇదేనే! ఇక్కడ కూడా నచ్చకపోతే ఈ మనిషికి సొర్గం కూడా నచ్చదు!"

ఆదివారం తెల్లవారకముందే పసుపు గిన్నె బయటికొచ్చింది. సాధారణంగా చేసే దానికన్నా రెట్టింపు కలిపింది మరిడమ్మ. భయం అలాంటిది. ఉమాదేవికీ, ఎనభై దాటిన పాపమ్మకీ, మిగతా ఆడవాళ్లకీ చీలమండలు దాటి పైదాకా మెత్తింది. గోపాలకృష్ణ ముందు సీట్లో కూర్చుని రూబన్‌కి గేర్లు ఎప్పుడు మార్చాలో చెప్పడం మొదలుపెట్టాడు. "మామా, ఇది ఆటో గేర్" అన్నాడు రూబన్ తమిళంలో. ఆ తర్వాత కొండ ఎక్కేదాకా ఆటో గేర్ ఎందుకు దండగో గోపాలకృష్ణ చెప్పాడు.

కొండ మీద చల్లగా ఉంది. ఎర్ర రంగేసిన పెద్ద దూలాల ద్వారం దాటితే అటూ ఇటూ నల్ల చెక్క ఇళ్లు, ఇళ్ల ముందు కాగితపు లాంతర్లు, కొమ్మల నిండా గులాబిరంగు పూలు. పూలు ప్లాస్టిక్‌వే. అయితేనేం, గాలికి నిజం పూలకన్నా బాగా ఊగుతున్నాయి. ఆడవాళ్లంతా "ఓలప్పో!" అని ఒక్కసారి అరిచేసరికి, చెరువు దగ్గర మేత వేస్తున్న చైనీస్ తాతగారి చేతిలో డబ్బా కాస్తా నీళ్లలో పడింది.

మరిడమ్మ మాత్రం పూలు చూడలేదు. మొగుడి ముఖం చూసింది.

"పూలు బాగున్నాయి గదా?" అంది మెల్లిగా.

"వానకి రంగు పోతాది" అన్నాడు.

వంతెన దగ్గర అతను ఆగి చెక్కని చేత్తో తట్టాడు. మరిడమ్మ ప్రాణం లేచొచ్చింది. "బోల్టు లూజుగా ఉన్నాది" అని ముందుకి నడిచాడు. టీ కొట్టులో ఆకుపచ్చ టీ ఇస్తే ఒక్క గుటక తాగి, గిన్నెలోకి తొంగి చూసి, "ఏపాకు కసాయం. దీనికి ఇంత దూరమెందుకు, మన ఈదిలోనే ఏపసెట్టుంది" అన్నాడు. తియ్యటి బియ్యప్పిండి ఉండలు తెచ్చిచ్చింది. అవి మన కుడుములకు చుట్టాల్లాగానే ఉన్నాయి. తిన్నాడు. ఇంకోటి కూడా తిన్నాడు. మరిడమ్మ ఆశగా చూసింది.

"పల్లకి అంటుకుంటన్నాది" అన్నాడు.

ఈలోపు ఉమాదేవి జపాన్ బట్ట కట్టించుకుంటానని పట్టుబట్టింది. ఆ బట్టలు కట్టే పిల్ల పేరు నూరుల్, మలాయ్ పిల్ల, తలకి గుడ్డ, ఒంటికి నీలం పూల జపాన్ అంగీ. ఉమాదేవి నడుం చుట్టూ పట్టీ తిప్పడానికి ఆ పిల్ల ఒక చుట్టు పరిగెత్తాల్సొచ్చింది. కట్టాక ఉమాదేవి అడుగు తీసి అడుగు వెయ్యలేక, కొట్టు గుమ్మంలో ఇరుక్కుని, "అప్పా, నన్ను లాగండి లాహ్!" అని మలాయ్ వాళ్ల ఊతపదం తగిలించి మరీ కేకలు పెట్టింది. ముందునుంచి ఇద్దరు లాగారు, వెనక నుంచి నూరుల్ తోసింది. అందరూ పడీ పడీ నవ్వారు, పాపమ్మకైతే నవ్వి నవ్వి ఎక్కిళ్లు పట్టుకున్నాయి. మరిడమ్మ ఆ నవ్వులో కూడా పక్కకి తిరిగి చూసింది. గోపాలకృష్ణ గుమ్మం కొలత చూస్తున్నాడు.

అప్పుడు మరిడమ్మకి నిజంగా భయమేసింది. అయిపోయింది, ఇంక నా తిరుగుళ్లకి నీళ్లు వదులుకోవాలి అనుకుంది. రేపట్నుంచి ఆదివారమంటే ఇల్లు, టీవీ, మిరప మొక్కల పురుగులు. ఏడుపొచ్చింది. ఇంకా ఒక్కటే మిగిలింది, ఆ వేడినీళ్ల తొట్టి. ఏ గండం వచ్చినా ఆఖర్న అమ్మోరికి మొక్కినట్టు మరిడమ్మ అందరినీ అటు తోలింది.

పొడుగాటి చెక్క తొట్టి, పైన చిన్న కప్పు, రెండు వైపులా కూర్చోడానికి బల్లలు. నీళ్ల మీద ఆవిరి తేలుతోంది. లోపలికి అడుగుపెట్టేచోట కుళాయి ఉంది, దాని మీద మూడు భాషల్లో రాశారు: ముందు కాళ్లు కడుక్కోండి. ఉమాదేవి చదివి ఆగింది. మరిడమ్మ చుట్టూ చూసింది. పసుపు కడిగితే దారి చెడుతుంది. ఈ రోజుకి ఈ రోజు దారి చెడితే ఇంకేమన్నా ఉందా?

"బూట్లూ మేజోళ్లూ ఇప్పి లోపలికి పదండి. ఎవరూ కడక్కండి" అంది గుసగుసగా.

"బోర్డు ఉన్నాది అప్పా."

"బోర్డుకి మన అమ్మోరు తెలుసేటి? పద!"

అలా ఒకరి వెనక ఒకరు కుళాయి పక్కనుంచి దొంగల్లా జారుకుని బల్లల మీద కూర్చున్నారు. పాదాలు నీళ్లలో దించారు. ఎదురుగా ఒక చైనీస్ కుటుంబం కాళ్లాడిస్తోంది. గోపాలకృష్ణ ప్యాంటు మడిచి, తడుముకుంటూ కూర్చుని, కుడికాలు పెట్టాడు. ఎడమకాలు పెట్టాడు. ఏళ్ల తరబడి క్లచ్ తొక్కి తొక్కి ఆ ఎడమ చీలమండ బండబారి ఉంటుంది. వేడినీళ్లు దాన్ని పట్టుకున్నాయి.

"అబ్బ" అన్నాడు.

మరిడమ్మ చప్పున అటు తిరిగింది. పెళ్లయిన నాటినుంచి ఆ మనిషి నోట "అబ్బ" అనే మాట ఆవిడ వినలేదు. అతను వెనక్కి వాలి, కప్పుకేసి చూస్తూ, కాళ్లు ఇంకాస్త లోపలికి జార్చాడు. ఈ నీళ్లు ఇలాగే కాసేపుండనీ తల్లీ, ఇంకేం వద్దు, అని మనసులో దండం పెట్టుకుంది మరిడమ్మ.

ఉండనిస్తుందా? కొబ్బరినూనె పసుపు చన్నీళ్లకి లొంగదు గానీ వేడికి కరుగుతుంది. ముందు ఆడవాళ్ల కాళ్ల చుట్టూ నీళ్లు పసుపెక్కాయి. ఆ పసుపు అలా అలా పాకి తొట్టంతా పరుచుకుంది. ఎవరూ గమనించలేదు. గమనించిన మరిడమ్మ నోరు విప్పలేదు. సరిగ్గా అప్పుడు నూరుల్ వచ్చింది, వేళకి స్నానాల పొడి వెయ్యడం ఆ పిల్ల పని. జపాన్‌లో వేడినీటి ఊటల్లో ఉండే ఖనిజాలు అవీ కలిపిన పొడి అది. తొట్టి రంగు చూసి ఒక క్షణం తడబడింది గానీ, పని పనే గదా, సంచీ విప్పి ఆ చివర్నుంచి ఈ చివరిదాకా జల్లింది.

పొడి పడ్డచోటల్లా నీళ్లు ఎర్రబడ్డాయి. ముందు కాషాయం, తర్వాత కుంకం, ఆ తర్వాత చూస్తూ ఉండగా తొట్టి తొట్టంతా నెత్తురు రంగు.

"దారా!" అని కెవ్వున అరిచింది నూరుల్. మలాయ్‌లో నెత్తురని అర్థం. చైనీస్ కుటుంబం పిల్లల్ని చంకనేసుకుని బల్లల మీంచి దూకింది. ఎవరో ఈల ఊదారు. ఒక సెక్యూరిటీ మనిషి కట్టుకట్టే పెట్టె పట్టుకుని పరిగెత్తుకొచ్చాడు, ఇంకొకాయన ఎవరి కాలు తెగిందో అని వంగి వంగి అందరి కాళ్లూ చూడసాగాడు. ఉమాదేవి కంగారులో లేవబోయి, జపాన్ పట్టీ అడ్డొచ్చి, మళ్లీ నీళ్లలో కూలబడింది. ఆ ఎర్రనీళ్లు లేచి సెక్యూరిటీ మనిషి తెల్ల చొక్కా మీద పడ్డాయి. అతను తనకే దెబ్బ తగిలిందనుకుని అక్కడే చతికిలబడ్డాడు.

అందరూ తొట్టి వదిలి గట్టుకి చేరారు. ఒక్క గోపాలకృష్ణ తప్ప.

"అంకుల్, ప్లీజ్, బయటికి రండి" అని నూరుల్ బతిమాలింది.

గోపాలకృష్ణ కదల్లేదు. కళ్లు కూడా దించలేదు. "లెగను" అన్నాడు తెలుగులో.

"లెగవయ్యా, అందరూ సూస్తన్నారు!" అంది మరిడమ్మ.

"సూడనీ. ఇన్నేళ్లకి నా కాలు నొప్పి తగ్గినాది. నాను లెగను లాహ్."

తడిసిన అంగీతో నిలబడ్డ ఉమాదేవి అప్పుడు కిందికి చూసింది. ఎర్రటి నీళ్లలోంచి తేలుతున్న గోపాలకృష్ణ పాదాలు, గట్టు మీద మరిడమ్మ పాదాలు, అన్నీ ఒకే ఎరుపు. ఉమాదేవి గొంతు కొండంతా మోగింది.

"ఓలమ్మో! పారాణి! అప్పా, ఇది పారాణి!"

ఆడవాళ్లంతా విరగబడి నవ్వారు. పసుపులో సున్నం కలిపితే పారాణి అవుతుందని, పెళ్లికూతురికీ పెళ్లికొడుక్కీ కాళ్లకి అదే పెడతారని వాళ్లలో ఎవరికి తెలీదు? ఆ జపాన్ పొడిలో సున్నం గుణమేదో ఉంది, అంతే. పాపమ్మ బల్ల మీద కూర్చుని చప్పట్లు కొడుతూ పెళ్లిపాట అందుకుంది. "పెళ్లికొడుకు పీట మీంచి లెగడంట!" అని ఉమాదేవి వంత పాడింది. మరిడమ్మ మలాయ్‌లో, తమిళంలో, చేతులతో, నూరుల్‌కి చెప్పింది: నెత్తురు కాదమ్మా, ఇది మా పెళ్లి గోరింట లాంటిది. నూరుల్ కళ్లు పెద్దవయ్యాయి. మలాయ్ పెళ్లిళ్లలోనూ గోరింటాకు పెడతారు గదా, ఆ పిల్లకి ఇట్టే అర్థమైంది. అంతసేపూ ఏడవబోయిన పిల్ల నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుని నవ్వసాగింది. సెక్యూరిటీ మనిషి చొక్కా వాసన చూసుకుని, కూర వాసనొస్తోందే అనుకుంటూ లేచాడు.

మేనేజరు వచ్చింది. ఆవిడ నవ్వలేదు. కుళాయి బోర్డు చూపించి, తొట్టి ఖాళీ చేసి కడగాల్సిందేనంది. తప్పు తనదేనని మరిడమ్మ రెండు చేతులూ జోడించింది, "మేమే కడుగుతాం" అంది. నీళ్లు వదిలారు. నీళ్లు మోకాలి కిందకి దిగాయి, పిక్కల కిందకి దిగాయి, పాదాల కిందకి దిగాయి, ఆఖరి బుడగ గొట్టంలోకి గుడగుడమని పోయేదాకా గోపాలకృష్ణ అలాగే కూర్చున్నాడు. అప్పుడు లేచాడు. ఆడవాళ్లు కొంగులు దోపి, బ్రష్షులందుకుని తొట్టిలోకి దిగారు. తోటల్లో, కేంటీన్లలో బతుకంతా రుద్దిన చేతులు, ఎంతసేపు? తొట్టి తళతళలాడింది. తోమడం అయ్యేసరికి మేనేజరు ముఖం కాస్త మెత్తబడి అందరికీ ఆ వేపాకు టీ ఇప్పించింది.

తిరుగుదారి పట్టాక వ్యానంతా కిలకిలలే. గోపాలకృష్ణ ఈసారి వెనక, మరిడమ్మ పక్కన కూర్చున్నాడు. ఇద్దరి కాళ్లూ ఎర్రగా ఉన్నాయి. మరిడమ్మ గుండె గంతులేస్తోంది. లెగనన్నాడు! అందరూ పరిగెత్తినా లెగనన్నాడు! ఇంక గెలుపు నాదే గదా!

"బావా, సెప్పు" అంది ఉమాదేవి ముందు నుంచి వెనక్కి తిరిగి. "అమ్మోరి తోడు. నచ్చినాదా, లేదా?"

రూబన్ వ్యాను వేగం తగ్గించాడు.

"నచ్చలేదు" అన్నాడు గోపాలకృష్ణ.

మరిడమ్మకి వినపడిన మాట నమ్మబుద్ధి కాలేదు. "మరి ఆ నీల్లు?"

"నీల్లు బాగున్నాయి. నీల్లు బాగోలేదని నానెప్పుడన్నాను? నాను ఇలా రావడమే నచ్చలేదు."

"అన్యాయం బావా!" అని అరిచింది ఉమాదేవి. గోపాలకృష్ణ ఆమెకేసి చూడలేదు. పెళ్లాం వైపు తిరిగాడు. అతని గొంతులో సణుగుడు లేదు, ఏదో అలక ఉంది.

"ఎన్నేళ్లు లారీ తోలినాను. గుహలకి దారి, జలపాతానికి దారి అని బోర్డులుంటాయి, బాణం గుర్తేసి. ఆ బోర్డులన్నీ నాను సూసినాను. లారీ ఆపడానికి ఈల్లేదు. లోపలేటుంటాదో నాకు తెల్దు. నువ్వు ఎల్లొచ్చి సెప్పేదానివి. గుహలో కోతి నీ సంచీలో అరిటిపండు తీసుకుని, ఒలిచి, తొక్క మల్లీ నీకే ఇచ్చినాది. స్ట్రాబెర్రీ తోటలో పాపమ్మత్త తోటమాలికే బేరం నేర్పినాది."

మరిడమ్మ నోరు తెరుచుకుంది. నిజమే, ఏ ఊరెళ్లొచ్చినా రాత్రి అన్నాలయ్యాక ఆవిడ చెప్పుకుంటూ పోయేది, ఇతను కళ్లు మూసుకుని పడుకునేవాడు. గోడకి చెప్పుకున్నట్టే అనుకునేది. "నువ్వు నిద్దరోయినావు గదా!"

"నిద్దరోతే కోతి సంగతి నాకెలా తెలుస్తాది?" అన్నాడు చిరాగ్గా. "ఈరోజు నువ్వేటి సూసినావు? పొద్దున్నుంచీ నా మొకం సూసినావు. పూలు సూళ్లేదు, సేపలు సూళ్లేదు. ఇప్పుడు ఇంటికెల్లి నాకేటి సెప్తావు? నాను సూస్తే అది బోల్టు లూజు వంతెన. నువ్వు సెప్తే అది వంతెన. అందుకే నచ్చలేదు."

కిలకిలల్లో మళ్లీ పట్టుకున్న పాపమ్మ ఎక్కిళ్లు ఠక్కున ఆగిపోయాయి.

"పందెం ఓడిపోయినావు. ఒప్పుకో" అన్నాడు గోపాలకృష్ణ.

"ఒప్పుకున్నాను" అంది మరిడమ్మ. కళ్లలో నీళ్లు తిరిగాయి. అవి ఏడుపు నీళ్లో కావో ఆవిడకే తెలియదు. ఆ మనిషిని వ్యానులోనే పట్టుకుని ముద్దు పెట్టేసుకోవాలనిపించింది, ఇన్నేళ్ల తర్వాత, అందరి ముందూ.

"అయితే గెలిసినోడి మాట ఇనాల. నువ్వు తిరుగుడు మానక్కర్లేదు. నన్ను తీసుకెల్లడం మానెయ్యి."

ఉమాదేవి ఈల వేసింది, ఆడవాళ్లు వ్యాను ఊగేలా గోల చేశారు. రూబన్ హారన్ మోగించాడు. మరిడమ్మ కొంగుతో కళ్లు తుడుచుకుని, కాస్త సర్దుకుని కూర్చుంది. ఇంటికెళ్లేదాకా ఆగలేకపోయింది.

"ఇంటన్నావా? ఈరోజు నాను జపాన్ ఊరు ఎల్లినాను" అని మొదలుపెట్టింది. "అక్కడ ఒక ముసిలోడున్నాడు. పచ్చి మొండోడు. తొట్టి నీల్లన్నీ నెత్తురులా ఎర్రగా అయిపోయి జనమంతా పారిపోతంటే, ఆడొక్కడూ కాల్లు పెట్టుకుని రాజులా కూకున్నాడు."

గోపాలకృష్ణ సీటుకి తల ఆనించి కళ్లు మూసుకున్నాడు.

"ఎవుడాడు?" అన్నాడు.

"ఎవుడో. లారీ తోలేవోడంట."

"ఊఁ. అప్పుడేటైనాది?"